చక్రాల ఇంట్లో వాన అడవికి

మొదటి రోజు రాత్రి పప్పులో తాలింపు వేశానో లేదో, నెత్తి మీద ఏదో కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎండుమిరపకాయలు మావే, క్రోసూరు నుంచి పట్టుకెళ్లినవి. మా వారు తువ్వాలు పెట్టి విసురుతున్నారు, అమ్మాయి తలుపులన్నీ బార్లా తీసింది, నేను గరిటె పట్టుకుని దగ్గుతున్నాను. పక్క బండిలోంచి ఒక పెద్దాయన దిగి వచ్చి, అంతా బాగానే ఉందా అని అడిగి, ఆయన కూడా దగ్గుతూ వెనక్కి వెళ్లాడు. అది పొగ అలారం అట. పల్నాడు మిరపకాయ గురించి దానికి ఎవరూ చెప్పినట్టు లేరు. ఆ తర్వాత మూడు రోజులూ తాలింపు ఆరుబయటే.

ఇది పోయిన ఏడాది, అంటే 2025 జూన్ సంగతి. అమ్మాయి చదువు పూర్తయి పట్టా ఇచ్చే రోజుకి మేమిద్దరం సియాటిల్ వెళ్లాం. అక్కడ చూడాల్సినవి చాలా ఉంటాయి కదా, ఎత్తైన టవరు, విమానాల ఫ్యాక్టరీ లాంటివి. మా అమ్మాయి అవేమీ కాకుండా నాలుగు రోజులకి ఒక క్యాంపర్‌వ్యాన్ అద్దెకి తీసుకుంది. రోజుకి ఎంత అని అడిగాను. "అమ్మా, రూపాయల్లోకి మార్చకు, నిద్ర పట్టదు" అంది. మార్చాను. పట్టలేదు.

క్యాంపర్‌వ్యాన్ అంటే మన అంబులెన్సు కంటే కాస్త పొడవైన బండి. లోపల రెండు మంటల పొయ్యి, చిన్న ఫ్రిజ్, చేతులు కడుక్కునే తొట్టి, దాని కింద మంచినీళ్ల ట్యాంకు ఒకటి, వాడిన నీళ్లు పోయే ట్యాంకు ఇంకొకటి. పగలు బల్ల, రాత్రి అదే బల్ల పడుకోబెడితే మంచం. ఏ వస్తువు తీసినా దాన్ని మళ్లీ దాని చోట పెట్టకపోతే మలుపు దగ్గర నెత్తిన పడుతుంది. ఇరవై ఐదేళ్ల సంసారంలో మా వారికి నేను నేర్పలేని పద్ధతి ఆ బండి రెండో మలుపులో నేర్పింది.

అయితే నాకది కొత్తగా అనిపించలేదు. మా అత్తగారు వాళ్ల చిన్నప్పటి గూడుబండి గురించి చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. శివరాత్రికి కోటప్పకొండ తిరణాలకి వెళ్లాలంటే ముందురోజే బండికి గూడు కట్టేవాళ్లట. తొట్టిలో ఎత్తుగా వరిగడ్డి పరిచి, పైన జంపఖానా వేసి, ముసలివాళ్లనీ చంటిపిల్లల్నీ లోపల కూర్చోబెట్టి, బండి కింద కుండలూ లాంతరూ వేలాడదీసి, వెనక ఎడ్లకి మేత కట్టేవాళ్లు. పులిహోర, సత్తుపిండి మూటలు ఒడిలో. చీకటి పడితే ఏ చెరువు గట్టునో ఎడ్లని విప్పి, మూడు రాళ్లు పెట్టి వండుకుని, పిల్లలు బండిలో, మగవాళ్లు బండి కింద. ఇంటిని వెంటేసుకుని పోవడమంటే అదే. ఎడ్లు పోయి డీజిల్ వచ్చింది, అంతే. మా వారైతే ప్రతి బంకులోనూ దిగి, బండి చుట్టూ తిరిగి, చక్రాల మీద చెయ్యి వేసి చూసేవారు. ఎడ్ల మెడ నిమిరినట్టే ఉండేది.

బీఏ తెలుగులో చదువుకున్నాను కాబట్టి ఇంకొకరు కూడా గుర్తొచ్చారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీల పెద్ద. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట బంధువులు, బోయీలు, నౌకర్లు కలిసి వందమంది దాకా. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి రాసి పంపేవారు. అవే ఆయన పోయాక 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. మాకు అది పాఠమైనప్పుడు నేనేమీ మురిసిపోలేదు. ప్రతి మజిలీ దగ్గరా ఊరెంత దూరం, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, ఇదే వరస. ఇదేం సాహిత్యం అనుకున్నాను. ఇప్పుడు చూడండి, మా అమ్మాయి ఫోన్‌లో చూసే పేజీలో ఉన్నవీ అవే. మంచినీళ్లున్నాయి, మరుగుదొడ్లున్నాయి, స్నానానికి లేదు, కరెంటు లేదు, కొట్టు ఇన్ని మైళ్లు. రెండొందల ఏళ్లలో బాటసారి అడిగే ప్రశ్నలు మారలేదు. క్యాంపు గ్రౌండుకి మంచి తెలుగు మాట ఏదంటే నేను మజిలీ అనే అంటాను.

వీరాస్వామయ్యగారు శ్రీశైలానికి నల్లమల అడవిలోంచే వెళ్లారు. ఆ కొండదారిలో చెంచులు తోడు లేకుండా యాత్రికులు నడిచే రోజులు కావవి. అడవికి వెళ్లడమంటే అక్కడివాళ్ల దయ మీద వెళ్లడం. ఈ మాట కాసేపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

అమెరికావాళ్లకి ఈ చక్రాల ఇంటి సరదా పట్టి వందేళ్లు దాటింది. 1910లోనే పియర్స్ యారో అనే కంపెనీ వెనక సీటు మంచంగా మారే కారు, అందులో మడత తొట్టితో సహా తయారుచేసి చూపించింది. హెన్రీ ఫోర్డు, ఎడిసన్ కలిసి వంటవాళ్లనీ డేరాల్నీ లారీల్లో ఎక్కించుకుని అడవుల్లో తిరిగేవాళ్లు. ఇప్పుడు మనం సినిమాల్లో చూసే గుండ్రటి ముక్కు వ్యాన్ మాత్రం జర్మనీది. ఫోక్స్‌వ్యాగన్ 1950లో ఆ బండి మొదలుపెడితే మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా వాళ్లు అందులో మంచమూ అలమరాలూ బిగించారు. చరిత్ర ఇక్కడికి చాలు, దారిలో పడదాం.

సియాటిల్‌కి పడమరగా సముద్రపు పాయ దాటితే ఒలింపిక్ ద్వీపకల్పం. పడవ బండితో సహా మనల్ని ఎక్కించుకుంటుంది. అవతల దిగి కొంతదూరం పోతే స్క్విమ్ అనే ఊరు వస్తుంది. అక్కడ ఎండగా ఉంది, పొలాలు పచ్చగా ఉన్నాయి కానీ గట్ల మీద గడ్డి ఎండిపోయి ఉంది. వాన అడవికని బయల్దేరితే ఇదేమిటన్నాను. అమ్మాయి చెప్పిన లెక్క విని నోరెళ్లబెట్టాను. ఆ ఊళ్లో ఏడాదంతా కలిపి 16 అంగుళాల వాన. అక్కడికి రెండు మూడు గంటల ప్రయాణంలో, కొండలకి అవతల, మేము వెళ్లబోయే హో అడవిలో 12 నుంచి 14 అడుగులు. అంగుళాలు కాదండీ, అడుగులు.

పసిఫిక్ మీదుగా వచ్చే మేఘాలు ఒలింపస్ కొండకి తగిలి పైకి లేచి, చల్లబడి, పడమటి వైపే అంతా కుమ్మరించేస్తాయి. తూర్పుకి దాటేసరికి మబ్బు ఖాళీ. ఇది మనకి తెలియని కథా? నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద ఆగుంబెలోనో కొంకణంలోనో దులిపేసుకుని వస్తే, రాయలసీమకీ మన పల్నాటికీ మిగిలేది ఆ మిగులే. మా వైపు ఏడాది వాన మూడడుగులు నిండటం గగనం. స్క్విమ్ రైతులు 1895లో నది నుంచి కాలువ తవ్వి పొలాలకి నీళ్లు తెచ్చుకున్నారట. మరుసటి ఏడాది నుంచి దాని పేరున పండగ చేస్తున్నారు, ఇప్పటికీ. కాలువకి పండగ అనగానే మా వారి మొహం వెలిగింది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్లు వదిలినప్పటి ముచ్చట మా మామగారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. జొన్న, సజ్జ తప్ప తెలియని ఊళ్లలో వరి కుప్పలు పడిన కథ అది.

ఆ రాత్రి క్రెసెంట్ సరస్సు ఒడ్డున మొదటి మజిలీ. తాలింపు గోల అక్కడిదే. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే లోపల పడిన మానులు కొమ్మలతో సహా కనిపిస్తున్నాయి. సరస్సు అవతలి ఒడ్డున నడకదారి ఒకటి ఉంది, దాని పేరులో రైలు ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల చట్రాలకి సిట్కా స్ప్రూస్ అనే చెట్టు కర్ర కావలసి వచ్చింది. తేలిక, గట్టి, తూటా తగిలినా చీలదు. 1917లో అమెరికా సైన్యం దాదాపు 30 వేల మందిని తుపాకులు కాకుండా గొడ్డళ్లూ రంపాలూ ఇచ్చి ఈ వాయవ్య అడవులకి పంపింది. దుంగలు లాగడానికి ఈ సరస్సు పక్కనుంచి రైలుదారి వేశారు, కొండలో సొరంగాలు తొలిచారు. దారి పూర్తయ్యేసరికి 1918 నవంబరులో యుద్ధం అయిపోయింది. ఆ దారిన యుద్ధానికి ఒక్క దుంగ కూడా పోలేదు. ఆగిపోయిన యుద్ధం ఎన్ని చెట్లని బతికించిందో! అలా మిగిలినవాటిలో కొన్నింటినే మర్నాడు చూడబోతున్నాం.

హో అడవికి వెళ్లే దారి 2024 డిసెంబరులో నది కోసేస్తే మూతపడి, మేము వెళ్లడానికి నెల ముందే తెరిచారు. కొత్త కంకర వాసన ఇంకా ఉంది. ఆ నది ఒలింపస్ మంచుగడ్డల్లోంచి వస్తుంది. నీళ్లు పాలూ బూడిదా కలిపిన రంగు. ఇక ఆ అడవిని ఎలా చెప్పను? మన నల్లమలలో నిలబడితే ఆకాశం తెలుస్తుంది, ఆకు రాలితే చప్పుడు తెలుస్తుంది. ఇక్కడ ఆకాశమూ లేదు, చప్పుడూ లేదు. రెండొందల అడుగులు దాటిన చెట్లు. కొమ్మల నుంచి నాచు జడల్లా వేలాడుతోంది. కింద అడుగు వేస్తే దూది పరుపు. పగలు పన్నెండింటికి కూడా వెలుతురు పచ్చగానే ఉంటుంది. నాకైతే ఊరి చెరువులో మునిగి కళ్లు తెరిచినట్టు అనిపించింది. చిన్నప్పుడు అమ్మ వద్దన్నా అలా మునిగేదాన్ని.

అక్కడ పిల్లచెట్లు నేల మీద మొలవడం తక్కువ. నేలంతా నాచూ ఫెర్న్ మొక్కలూ కమ్మేసి ఉంటాయి కదా, విత్తనానికి చోటుండదు. ఎప్పుడో కూలిన మహావృక్షం దుంగ మీద పడిన గింజలే బతుకుతాయి. ఒకే దుంగ మీద వరసగా పది పన్నెండు మొక్కలు, బడి ముందు పిల్లల్లా. వందల ఏళ్లకి ఆ దుంగ చివికి మట్టయిపోతుంది, పైన మొలిచినవి మాత్రం తిన్నగా గీత గీసినట్టు నిలబడి ఉంటాయి. వేళ్ల మధ్య దుంగ ఉండిన చోట బోలుగా సొరంగం. దాన్ని వాళ్లు నర్సు దుంగ అంటారు. నర్సు అనడం నాకు నచ్చలేదు. అమ్మమ్మ దుంగ అంటే సరిపోతుంది.

ఈ అడవి ఇలా ఉండటం వెనక చాలా కొట్లాటే ఉంది. ఇక్కడి ఎల్క్ అనే పెద్ద దుప్పుల్ని పళ్ల కోసం చంపేస్తున్నారని 1909లో థియొడోర్ రూజ్‌వెల్ట్ తన పదవి ఇక రెండు రోజులుందనగా దీన్ని రక్షిత ప్రాంతం చేశాడు. 1915లో విల్సన్ కలప కంపెనీల కోసం అందులో సుమారు సగం కోసేశాడు. 1937లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి చూసి, మరుసటి ఏడాది జూన్ 29న నేషనల్ పార్కుగా సంతకం పెట్టాడు. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బోర్డుల మీద ఇదంతా ఉంది. మరి వాటన్నింటికీ ముందు ఇక్కడున్న హో జాతివాళ్లు? నది పేరే వాళ్ల పేరు. 1893లో నది సముద్రంలో కలిసేచోట 443 ఎకరాలు వాళ్లకని గీత గీసి ఇచ్చారు. నదంతా ఎవరిదో వాళ్లకి నది మూతి మిగిలింది. నల్లమలలో పులుల కోసం అడవిని కాపాడదామన్నప్పుడల్లా చెంచుల గూడేల మాట ఎందుకొస్తుందో ఆ లెక్క చూస్తే అర్థమైంది. అడవిని కాపాడటం మంచిదే. కాపాడేటప్పుడు ముందు బయటికి పంపేది ఎవర్ని అన్నదే చూసుకోవాలి.

రెండు రాత్రులు అక్కడే. ఎలుగులు వస్తాయని తిండి వస్తువు ఏదీ బయట వదలకూడదు. గోంగూర పచ్చడి సీసాని కూడా బండిలో పెట్టి తాళం వేయించింది మా అమ్మాయి. "గోంగూర తిన్న ఎలుగు మళ్లీ మనల్ని వదలదే" అన్నారు మా వారు. వాన పైకప్పు మీద రాత్రంతా సన్నగా పడుతూనే ఉంది.

నాలుగో రోజు తిరుగుదారిలో అమ్మాయి ఎల్వా నది దగ్గర ఆపింది. వెళ్లేటప్పుడు ఇదే వంతెన దాటాం, నేను చూడనేలేదు. "నీకు ఇది చూపించాలనే అసలు ఈ దారి పెట్టుకున్నానమ్మా" అంది. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి.

మా పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఉండేది. ఉండేది అని ఊరికే అనడం లేదు. పులిచింతల జలాశయం కింద గుంటూరు, నల్లగొండ జిల్లాల్లో పాతికకి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాటిలో మాదొకటి. వజ్రాల కొల్లూరు కూడా ఆ ముంపులోదే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి అరవై వేలమంది పనిచేస్తున్నారని రాసిన గనులు, కోహినూరు దొరికిందని చెప్పుకునే గనులు. కోహినూరు గురించి ప్రపంచమంతా మాట్లాడుతుంది. మా ఇంటి వెనక చింతచెట్టు గురించి మాట్లాడేది మా అమ్మ ఒక్కతే.

2013లో ప్రాజెక్టు ప్రారంభమయ్యే నాటికే ఊరివాళ్లు తలుపులు, దూలాలు, పెంకులు ఊడదీసి ట్రాక్టర్లకెత్తారు. పరిహారం వచ్చింది, కాలనీలో ఇల్లు వచ్చింది, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అమ్మ మాత్రం ఇంటి గడప పట్టుబట్టి ఊడదీయించింది. పసుపు రాసీ రాసీ నున్నగా అయిన వేపచెక్క. కొత్త ఇంటి గుమ్మానికి అది సరిపోలేదు. ఇప్పుడు క్రోసూరులో మా పెరట్లో తులసికోట పక్కన పీటలా ఉంది. ప్రతి ఎండాకాలం నీళ్లు తగ్గాయని తెలియగానే అమ్మ ఫోన్ చేస్తుంది. "ఒకసారి తీసుకెళ్లవే, చూసొద్దాం." నేను ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఎండలు, పిల్ల పరీక్షలు, మిరప కోతలు. నిజం చెప్పాలంటే బురద చూసి ఆవిడ ఏడిస్తే నేను తట్టుకోలేనని. మా అమ్మాయి ఇవన్నీ వింటూనే పెరిగింది.

ఎల్వా కథ ఇదీ. ఆ నది క్లాలమ్ జాతివాళ్లది. వందపౌన్ల సాల్మన్ చేపలు ఎక్కేవని వాళ్ల పెద్దలు చెప్పేవారు. 1913లో ఒక ఆనకట్ట, 1927లో దాని ఎగువన గ్లైన్స్ కాన్యన్ దగ్గర 210 అడుగుల ఆనకట్ట ఇంకొకటి, కరెంటు కోసం కట్టారు. చేపలు ఎక్కడానికి మెట్లు పెట్టాలని అప్పటి చట్టంలోనే ఉన్నా పెట్టలేదు. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చిన చేపలు గోడకి తలలు కొట్టుకుని ఆగిపోయాయి. క్లాలమ్ వాళ్లకి ఇంకొకటి కూడా పోయింది. తమ జాతిని దేవుడు మట్టిలోంచి చేశాడని వాళ్లు నమ్మే చోటు. గంపల్లాంటి రెండు గుంటలున్న బండ అది. పిల్లలు పెద్దయ్యాక అక్కడికి వెళ్లి తమ బతుకు ఎలా ఉండబోతోందో తెలుసుకునేవారట. అది జలాశయం కింద ఉండిపోయింది. చూసినవాళ్లు పోయారు. వాళ్ల మనవలు పోయారు. కథ మాత్రం చెప్పుకుంటూనే ఉన్నారు. కొందరు బయటివాళ్లు అదంతా కట్టుకథ అనుకున్నారు.

వాళ్లు దశాబ్దాలు అడిగాక 1992లో చట్టం వచ్చింది. 2011 సెప్టెంబరులో కూల్చడం మొదలైంది. కింది ఆనకట్ట 2012లో, పైది 2014లో పూర్తిగా పోయాయి. నీళ్లు దిగాక 2012లో ఆ బండ బయటపడింది. గుంటలతో సహా, చెప్పినచోటే. దానికి దగ్గరలో తవ్విన చోట మనుషులు ఎనిమిది వేల ఏళ్ల కిందట తిరిగిన ఆనవాళ్లు కూడా దొరికాయి.

పాత ఆనకట్ట ఉన్న చోటికి చిన్న నడకదారి ఉంది. నేను గోడల శిథిలాలు ఉంటాయేమోననుకున్నాను. ఏమీ లేదు. కింద నది గలగలా పోతోంది, అంతే. ఎగువన జలాశయం ఉండిన చోట ఒకప్పుడు నీళ్లలో నిలిచిపోయిన పాత మొద్దులు, ఆ పాత రోజుల్లో నరికినవే, ఇంకా ఉన్నాయి. వాటి మధ్య ఆల్డర్, విల్లో చెట్లు మనిషెత్తు దాటి ఎదిగాయి. నీళ్లు పోయాక మిగిలింది ఒండ్రు మైదానమే. పార్కువాళ్లూ క్లాలమ్ వాళ్లూ ఆ చుట్టుపక్కల గింజలే ఏరి, మొక్కలు పెంచి లక్షల్లో నాటారట. చేపలు తిరిగొచ్చాయి. 2023 అక్టోబరులో క్లాలమ్ వాళ్లు వందేళ్ల తర్వాత మళ్లీ ఆ నదిలో చేపలు పట్టుకున్నారు, కొద్దిగానే, లెక్క ప్రకారం.

నేను మాట్లాడకుండా నిలబడ్డాను. మా వారు గొంతు సవరించుకుని, "మన దగ్గర అలా కుదరదు, డెల్టా అంతా దాని మీదే ఉంది" అన్నారు. ఆ మాట నిజం. ఎల్వా ఆనకట్టలు చివరికి ఒక కాగితం మిల్లుకి కరెంటు ఇవ్వడానికే పనికొచ్చేవి. పులిచింతల వెనక లక్షల ఎకరాల వరి ఉంది. సాగర్ నీళ్లు తాగి పెరిగిన ఇంటి కోడలిని, ఆనకట్టలు కూల్చమని నేనెలా అంటాను? ఆ రెంటినీ ఒక గాటన కట్టలేం. కానీ నన్ను పట్టుకున్నది కూల్చడం కాదు. వందేళ్లు నీళ్ల కింద ఉన్నదాని చోటు తప్పిపోకుండా ఎలా చెప్పగలిగారు అన్నది. మా అమ్మకి డెబ్భై ఆరు. మా ఊరు ఎలా ఉండేదని రేపు నా మనవరాలు అడిగితే నేను చెప్పగలిగేది మా ఇల్లు, చెరువు, బడి. మిగతా వీధి నాకు రాదు.

అక్కడినుంచే అమ్మకి వీడియో కాల్ చేశాం. మనకి అప్పుడు అర్ధరాత్రి దాటింది, అయినా ఎత్తింది. మనవరాలు ఫోన్ అటూ ఇటూ తిప్పి నది చూపించి కథంతా చెప్పింది. అమ్మ అంతా విని, "నీళ్లు పోయాక మొదట ఏం మొలిచింది?" అని అడిగింది. ల్యుపిన్ అనే ఊదారంగు పూల మొక్క అని అమ్మాయి వెతికి చెప్పింది, చిక్కుడు జాతిదట. "అంతేలే, పప్పుజాతే ముందొస్తుంది. చౌడు నేలలో మేమూ ముందు జీలుగ చల్లేవాళ్లం" అంది. ఆవిడకి దేవుడి బండ కంటే అది ఎక్కువ నచ్చినట్టుంది.

జూలై మొదటి వారంలో తిరిగొచ్చాం. ప్రయాణపు బడలిక తీరకముందే కారు మాట్లాడుకుని అమ్మని తీసుకెళ్లాను. వరద ఇంకా రాలేదు కానీ, నీళ్లు మా వీధి మీద నుంచి పూర్తిగా దిగలేదు. బయటపడింది ఊరిచివర మెట్టచేలూ, వాటి పక్కన బురదలో నల్లగా నాలుగు చింతమొద్దులూ. మాది వాటిలో లేదు. నేను భయపడినట్టు అమ్మ ఏడవలేదు. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, కర్ర ఆనించుకుని నీళ్ల అంచు దాకా నడిచింది. కర్రతో నీళ్లలోకి చూపించి, "అదుగో రామాలయం. దాని ఎదురుగా కరణంగారి అరుగు. అక్కణ్నించి కుడిచేతి పక్క మొదటిల్లు..." అని మొదలుపెట్టింది.

నా సంచిలో అమెరికాలో ఖర్చులు రాసుకున్న చిన్న పుస్తకం ఉంది. వెనక పేజీ తిప్పి రాయడం మొదలుపెట్టాను. ఇంటి పేరు, ఎదురుగా ఎవరు, వెనక ఏ చెట్టు, బావి ఎవరి దొడ్లో. డ్రైవరు కుర్రాడు మొదట విసుక్కున్నా, కాసేపటికి అతనే గొడుగు తెచ్చి అమ్మకి పట్టుకున్నాడు. ముప్ఫై నాలుగిళ్లు చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగింది. అక్కడ ఇద్దరు అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే ఉండేవట, ముందు పెద్దవాడిదో చిన్నవాడిదో గుర్తు రాలేదు. చాలాసేపు నీళ్లవైపే చూసి, "సరే, ఆ రెండూ ఖాళీ వదిలెయ్" అంది.

మర్నాడు పొద్దున అయిదున్నరకి ఫోన్ మోగింది. "చిన్నవాడిదేనే ముందు" అంది అమ్మ. "వాళ్ల గేదె ఎప్పుడూ మన గుమ్మానికేసి చూస్తూ కట్టేసి ఉండేది. రాసుకో."